రొయ్యకు రెండు నిమిషాలు, వైన్‌కు మూడు

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ. మా ఆయన స్నేహితుడు నాసిక్ పోయి వస్తూ ఒక తెల్ల వైన్ సీసా తెచ్చిచ్చాడు. ఇంట్లో ఇప్పుడు ఎవరూ తాగరు. రొయ్యల్లో పోసి వండితే బాగుంటుందని వీడియోలో చూసి, ఆదివారం అరకిలో రొయ్యలు తెప్పించాను. ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, రొయ్యలు వేసి, పెద్ద గ్లాసు వైన్ పోసి, మూత పెట్టి పావుగంట ఉంచాను. రొయ్యలు రబ్బరులా సాగాయి. పులుసు పల్చగా, పుల్లగా, ముక్కుకు కొట్టేలా తయారైంది. అత్తమ్మ ఒక ముద్ద తిని పక్కన పెట్టేసింది. ఎక్కడ తప్పు చేశాను? ఈ సీసా అయిపోతే ఇక్కడి వైన్‌షాపులో దొరికే పోర్ట్ వైన్ వాడొచ్చా? వండితే అందులో మందు మొత్తం పోతుందంటారు, నిజమేనా? మా బాబుకు ఆరేళ్లు. మామయ్య తాగుడు మానేసి రెండేళ్లు, అందుకే అడుగుతున్నా. కాలువ ఎండ్రకాయలు కూడా ఇట్లాగే వండొచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: చెల్లె, కూర సంగతి ముందు చెప్తాను. మామయ్య సంగతి దానికంటే పెద్దది. కూర దగ్గరే ఆగిపోకుండా చివరిదాకా చదువు.

నువ్వు పోసిన వైన్‌లో తప్పేమీ లేదు. రొయ్యల్లో కూడా ఉండకపోవచ్చు. పులుసు వండినట్టు వండావు, అంతే. మన చేతికి అలవాటైన పద్ధతే అది. తాలింపు వేసి, మసాలా వేయించి, ముక్క వేసి, నీళ్లు పోసి, మూత పెట్టి వదిలేస్తాం. మటన్‌కు అది బాగా కుదురుతుంది. రొయ్య మాత్రం దానికి ఒప్పుకోదు. మధ్య సైజు రొయ్య బాగా కాగిన పెనం మీద రెండు నిమిషాల్లో ఉడికిపోతుంది. ఆ తర్వాత పొయ్యి మీద ఉన్నకొద్దీ కండ బిగుసుకుంటూ తన నీటిని తానే బయటికి పిండేస్తుంది. నీ పులుసు పల్చబడటానికి ఆ నీళ్లూ ఒక కారణం.

వైన్ లెక్క వేరు. పచ్చిగా ఉన్నంతసేపూ పులుపు, ఘాటు తప్ప దాంట్లో రుచి తెలియదు. మూత తీసి గలగలా మరిగిస్తే ఘాటు ఎగిరిపోయి, సగానికి ఇంకాక అసలు రుచి తేలుతుంది. నువ్వు మూత పెట్టావు కాబట్టి ఎగిరిందంతా మూతకు తగిలి మళ్లీ గిన్నెలోకే కారింది. రొయ్యకు సమయం ఎక్కువైంది, వైన్‌కు మూత లేకుండా మరిగే సమయమే దొరకలేదు. రెంటినీ విడివిడిగా వండి, చివరి నిమిషంలో కలపాలి. ఈ ఒక్కటి పట్టుకుంటే మిగతాదంతా చేతి అలవాటే.

రొయ్యలు కొనేటప్పుడే సగం పని అయిపోతుంది. మీ మార్కెట్‌కు వచ్చే సముద్రపు రొయ్యలూ, చెరువుల్లో పెంచిన వనామీ రొయ్యలూ కోస్తా వైపు నుంచి ఐసు వేసిన పెట్టెల్లో వస్తాయి. పట్టి ఎన్నాళ్లైందో ఒక్కోసారి అమ్మేవాళ్లకే తెలియదు. నీ ముక్కునూ వేళ్లనూ నమ్ముకో. తల, మొండెం కలిసేచోట వేలితో నొక్కి చూడు. గట్టిగా అతుక్కుని ఉంటే తీసుకో. తల ఊగిపోతూ, నారింజ రంగు రసం కారుతుంటే వదిలెయ్. కొంచెం నీచు వాసన ఉండటం మామూలే. కడగని పశువుల కొట్టంలో వచ్చే లాంటి ఘాటు వాసన వస్తే మాత్రం ఆ పెట్టెలోవి ఏవీ కొనొద్దు. ఎంత వైన్ పోసినా, ఎంత మసాలా దట్టించినా ఆ పాతదనం పోదు. పెంకు మీద అక్కడక్కడా నల్లమచ్చలు కనిపిస్తే భయపడకు. కోసిన వంకాయ ముక్క నల్లబడే తీరులో గాలి తగిలి వచ్చే రంగే అది. వాసన బాగుంటే పెంకు తీసి వండుకోవచ్చు.

మన కృష్ణ నీటి రొయ్య దొరికితే దాని పద్ధతి కొంచెం వేరు. సాగర్, శ్రీశైలం, జూరాల లాంటి జలాశయాల్లో నీలకంఠ రొయ్య దొరుకుతుంది. నీలం రంగు పొడుగాటి చేతులుంటాయి, గుర్తుపట్టడం తేలిక. జలాశయాల్లోకి చేపపిల్లలతో పాటు ఈ రొయ్యపిల్లలను కూడా మత్స్యశాఖ వదులుతోంది. రుచిలో కొంచెం తీపి ఉంటుంది, వైన్‌తో బాగా కలుస్తుంది. ఒకటే చిక్కు. దాని బరువులో సుమారు సగం తలే. అరకిలో కొంటే చేతికొచ్చే కండ పావుకిలో కూడా ఉండదు. పైగా తలలో ఉండే జీర్ణరసాలు చచ్చిన తర్వాత కండలోకి దిగి దాన్ని మెత్తగా పిండిపిండిగా చేసేస్తాయి. మిగతా రొయ్యల్లోనూ జరిగేదే, దీంట్లో మరీ తొందరగా జరుగుతుంది. ఇంటికి రాగానే చెయ్యాల్సిన మొదటి పని తల తీసెయ్యడం. తల పారెయ్యొద్దు, దాంతో పనుంది.

గడ్డకట్టించిన ప్యాకెట్ రొయ్యలు తక్కువేమీ కావు. రెండు మూడు రోజులు ఐసులో తిరిగిన 'తాజా' రొయ్య కంటే అవే నయం అనిపిస్తుంది నాకు. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టు. తొందరగా కావాలంటే ప్యాకెట్‌తో సహా చల్లటి నీళ్లలో ముంచి ఉంచు. వేడినీళ్లు పోశావంటే పైన ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది.

ఇక సీసా. వంటకు కావాల్సింది తీపి లేని తెల్ల వైన్. సీసా మీద 'డ్రై' అని ఉంటుంది. నాసిక్ వైపు తయారయ్యేవాటిలో సావిన్యాన్ బ్లాంక్ అనేది పుల్లగా, తేలిగ్గా ఉంటుంది, రొయ్యకు అది సరిపోతుంది. షెనిన్ బ్లాంక్ కూడా దొరుకుతుంది గానీ అందులో కొన్ని రకాలు కాస్త తియ్యగా ఉంటాయి, కొనేముందు సీసా మీద చదువుకో. నువ్వడిగిన పోర్ట్ వైన్ వద్దే వద్దు. అది ఎర్రటి తీపి వైన్. ఇంకేకొద్దీ పాకంలా చిక్కబడుతుంది, రొయ్యలు ఊదారంగుకు తిరిగి చూడటానికే మనసొప్పదు. మామూలు ఎర్ర వైన్ కూడా ఇదే రంగు పనిచేస్తుంది. వైన్ లేకపోతే విస్కీనో బ్రాందీనో ఒక చుక్క పోద్దామని కొందరు మగవాళ్లు సలహా ఇస్తుంటారు. మన దగ్గర దొరికే విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం, వైన్‌లో సుమారు 12, 13. కాగిన పెనంలో విస్కీ పోస్తే మంట లేస్తుంది. వంటింట్లో పరదాలు ఉంటే ఆ ముచ్చటే వద్దు.

ఇనుప మూకుడు పక్కన పెట్టు. వైన్ పులుపుకు ఇనుము రుచి దిగుతుంది, రసం నల్లబడుతుంది. అల్యూమినియం కూడా అంతే. వెడల్పాటి స్టీలు పెనమో, నాన్‌స్టిక్ పెనమో తీసుకో. వెడల్పు ముఖ్యం, లోతు అక్కర్లేదు.

పావుకిలో కండకు లెక్క చెప్తాను, నలుగురికి రొట్టెలోకి వస్తుంది. పెంకు తీసి, వీపు మీద సన్నగా గీసి నల్లటి నరం లాగెయ్. అది నరం కాదు, రొయ్య పేగు. పసుపు, ఉప్పుతో కడిగే అలవాటుంటే కడుగు, కానీ పసుపు నీళ్లు పూర్తిగా పోవాలి. పొడి గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డతో అద్దు. తడి రొయ్య పెనం మీద వేగదు, ఉడుకుతుంది. ఆరిన రొయ్యలకు పావు చెంచా ఉప్పు, రెండు వేళ్లకు వచ్చేంత వంటసోడా పట్టించి పదిహేను ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టు. సోడాతో కండ బిగువుగా, కొరికితే టప్పున విరిగేలా ఉంటుంది. ఎక్కువేస్తే సబ్బు రుచి వస్తుంది, చిటికెడు దాటొద్దు.

ఈలోపు తలలు, పెంకుల పని. చెంచా నూనెలో వాటిని వేసి, గరిటెతో తలలు నొక్కుతూ వేయించు. నిమిషం తిరక్కుండానే బూడిదరంగు పోయి ఎర్రగా మారతాయి. పచ్చి రొయ్యలోనూ ఆ ఎరుపు ఉంటుంది, ప్రొటీన్‌కు అంటిపెట్టుకుని కనిపించకుండా ఉంటుంది, వేడికి విడిపోయి బయటపడుతుంది. నూనె కూడా ఆ రంగుకు తిరిగాక సగం ఉల్లిగడ్డ ముక్కలు, రెండు చాయ్ గ్లాసుల నీళ్లు పోసి పావుగంట మరిగించి వడగట్టు. ఒక గ్లాసుకు కొంచెం తక్కువగా చిక్కటి నీళ్లు మిగులుతాయి. ఇందులో ఉప్పు వెయ్యకు. చాలామంది పెంకులు చెత్తబుట్టలో వేసి, రుచి కోసం వైన్ మీద ఆధారపడతారు. నన్నడిగితే ఈ కూర రుచిలో వైన్ వాటా చిన్నది, ఈ పెంకుల నీళ్ల వాటా పెద్దది. ఈ మాట గుర్తుపెట్టుకో, మామయ్య దగ్గరికి వచ్చేసరికి పనికొస్తుంది.

పెనం బాగా కాగాక రెండు చెంచాల నూనె పొయ్యి. రొయ్యలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరుచు. పట్టకపోతే రెండు వాయిలుగా చెయ్. కదపకు. అంచులు గులాబీ రంగుకు తిరిగి, పెనానికి తగిలిన వైపు గోధుమరంగు చుక్కలు పడేదాకా ఒక నిమిషం ఆగు. తిప్పి ఇంకో ముప్పై నలభై సెకన్లు. రొయ్య కొంచెం వంగి అరచంద్రంలా ఉన్నప్పుడే తీసి పళ్లెంలో పెట్టు. తోక వచ్చి మెడకు తగిలేలా చుట్టుకుపోయిందంటే ఆలస్యమైనట్టే. నడుమ ఒకింత పచ్చిదనం కనిపించినా టెన్షన్ పడకు, మళ్లీ పెనంలోకి వస్తుంది కదా.

మంట తగ్గించి, అదే పెనంలో చెంచా వెన్న, సన్నగా తరిగిన ఏడెనిమిది ఎల్లిగడ్డ రెబ్బలు, చీల్చిన రెండు పచ్చిమిరపకాయలు వెయ్. ముద్ద వద్దు, అది మాడుతుంది, రసాన్ని గుజ్జుగా చేస్తుంది. ఎల్లిగడ్డ మెత్తబడాలి గానీ ఎర్రబడకూడదు. ఇప్పుడు పొయ్యి ఆపి, సగం పెద్ద గ్లాసు, అంటే వంద మిల్లీలీటర్ల వైన్ పొయ్యి. ఆపి పోయమన్నది ఆవిరికి మంట అంటుకుంటుందని. మళ్లీ వెలిగించి మంట పెంచు, చెక్క గరిటెతో పెనం అడుగున పట్టిన గోధుమరంగు అట్టు గోకుతూ ఉండు. ఆ అట్టులోనే రొయ్య రుచంతా ఉంది, వైన్ దాన్ని కరిగించి రసంలోకి తెస్తుంది. మూత పెట్టకు. మొదటి నిమిషం పెనం మీదికి వంగితే ముక్కులో చురుక్కుమంటుంది. రెండు మూడు నిమిషాలకు ఆ చురుకు పోయి పండు వాసన వస్తుంది, బుడగలు చిన్నవాటి నుంచి పెద్దవిగా, బద్ధకంగా మారతాయి. సగానికి ఇంకిందని గుర్తు. అప్పుడు పెంకుల నీళ్లు పోసి మళ్లీ సగానికి రానివ్వు. గరిటె వెనక పల్చగా అంటుకుంటే చాలు.

రొయ్యలు, పళ్లెంలో కారిన నీళ్లతో సహా, వేసి ముప్పై సెకన్లు తిప్పు. పొయ్యి ఆపేసి, ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్న ఇంకో చెంచా వేసి పెనాన్ని గుండ్రంగా ఊపు. రసం మెరుస్తూ చిక్కబడుతుంది. ఉప్పు ఇప్పుడు చూసి వెయ్. కొత్తిమీర చల్లు, పులుపు చాలకపోతేనే నాలుగు చుక్కల నిమ్మరసం.

చింతపండు, గరం మసాలా, ధనియాల పొడి వేస్తే వైన్ పోసిందీ పోయనిదీ ఒకటే. కారం గట్టిగా కావాలనిపించిన రోజు గోంగూర రొయ్యలు వండుకో, చింతచిగురు రొయ్యలు వండుకో. వాటి ముందు ఈ కూర దిగదుడుపే, ఒప్పుకుంటాను. కానీ అవి వేరే రోజుకు. ఎండు రొయ్యలతోనూ ఈ పద్ధతి కుదరదు, వాటి వాసన వైన్‌ను మింగేస్తుంది. తినడానికి పాస్తా, బ్రెడ్డు అని వీడియోల్లో చెప్తారు. పాలమూరు దాన్ని గనుక నేను జొన్నరొట్టే చెప్తాను. వేడి రొట్టె తుంచి అంచుతో ఆ రసాన్ని అద్దుకుంటే పాస్తా గుర్తుకురాదు. అన్నంలోకి మాత్రం చాలదు, రసం తక్కువ.

ఇప్పుడు అసలు ప్రశ్న. వండితే మందు మొత్తం పోతుందనేది నిజం కాదు. కొంత పోతుంది. ఎంత పోతుందనేది ఎంతసేపు మరిగించావు, గిన్నె ఎంత వెడల్పు, మూత ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ఒకటి చాలామంది వాడతారు. కూరలో కలిపి పదిహేను నిమిషాలు ఉడికిస్తే పోసిన ఆల్కహాల్‌లో 40 శాతం మిగులుతుంది, అరగంటకు 35 శాతం, గంటకు 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం. మనది ఐదారు నిమిషాల వంట. రొయ్యను కాపాడుకోవడానికి తొందరగా దించుతున్నాం కాబట్టి వైన్‌లోని మందు కొంత ఉండిపోతుంది, తప్పదు.

ఎంత ఉంటుందో లెక్క వేద్దాం. వంద మిల్లీలీటర్ల వైన్‌లో ఆల్కహాల్ సుమారు పది గ్రాములు. అందులో సగం మిగిలిందనుకున్నా ఐదు గ్రాములు. నలుగురు పంచుకుంటే మనిషికి ఒక గ్రాము పైచిలుకు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు సీసాలో పాతిక గ్రాములుంటుంది. అంటే నీకూ మీ ఆయనకూ వచ్చేది బీరు సీసాలో ఇరవయ్యో వంతు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు అది పెద్ద లెక్కలోది కాదు. కానీ ఆరేళ్ల పిల్లాడికి ఏ లెక్కా వద్దు, వాడికి వేరే పెనంలో రెండు రొయ్యలు వెన్నలో వేయించి పెట్టు. కడుపుతో ఉన్నవాళ్లకూ వద్దు. కాలేయం జబ్బున్నవాళ్లు, మెట్రోనిడజోల్ లాంటి మాత్రలు వేసుకుంటున్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి. ఆ మాత్రలతో మందు కలవొద్దని డాక్టర్లే చెప్తారు.

మామయ్య ఆ ఆదివారం తిన్నాడో లేదో నువ్వు రాయలేదు. ఆయన తాగుడు మానడానికి మాత్రలు వాడాడా, ఇంకా వాడుతున్నాడా అన్నది ముందు అత్తమ్మను అడుగు. డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. అది వేసుకునే మనిషి ఒంట్లోకి కూరలోంచి కొంచెం ఆల్కహాల్ పోయినా ముఖం ఎర్రబడటం, వాంతులు, గుండెదడ రావచ్చు. ఆపేశాక కూడా దాని ప్రభావం కొన్నాళ్లు, ఒక్కోసారి రెండు వారాల దాకా ఉంటుంది. మాత్రలేవీ లేవనుకుందాం. అయినా రెండేళ్లు కష్టపడి నిలబడ్డ మనిషికి గ్రాముల లెక్క చెప్పి పెట్టేది కాదిది. ఆ వాసన, నాలుక మీద ఆ రుచి చాలు, మనసు అటు లాగడానికి. లాగదేమో కూడా. ఆ పరీక్ష మన వంటింట్లో పెట్టే హక్కు మనకు లేదు. 'చెప్పకుండా పెడితే తెలియదు కదా' అని ఎవరైనా అంటే అస్సలు వినకు. తెలిసిన రోజు ఆయనకు నీ చేతి వంట మీదే నమ్మకం పోతుంది.

నేనైతే మామయ్య తినే రోజు ఈ ఇంట్లో వైన్ సీసా తియ్యను. ఇంకా చెప్పాలంటే సీసానే ఇంట్లో ఉంచను. తెచ్చిన స్నేహితుడింటికే పంపించి, అక్కడికి ఇద్దరూ భోజనానికి పోయినప్పుడు వండండి. తెరిచిన వైన్ ఎట్లాగూ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులకు మించి బాగుండదు. ఇట్లాంటి ఇబ్బంది లేని ఇళ్లలోనైతే మిగిలినదాన్ని ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించుకుంటారు, నీకు ఆ పని వద్దు.

అత్తమ్మ పక్కన పెట్టింది రొయ్య సాగినందుకా, మందు పోసిందని తెలిసినందుకా? అడిగితే ఆమే చెప్తుంది. రెండోది అయితే ఒక్క ముద్దైనా తిన్నందుకు ఆమె మంచితనం అనుకో, మళ్లీ పెట్టకు.

వైన్ లేకుండా ఇదే కూర ఇంటిల్లిపాదీ తినొచ్చు. పద్ధతంతా పైన చెప్పిందే, వైన్ పోసే చోట మార్పు. పుల్లటి ఆకుపచ్చ ద్రాక్ష గుప్పెడు నలిపి వడగడితే సగం చాయ్ గ్లాసు రసం వస్తుంది, అది పొయ్యి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు ఒకప్పుడు పెద్ద పేరు. ఇప్పుడు మార్కెట్‌లో ఏ తెల్ల ద్రాక్షైనా సరే, పండి తియ్యబడనిది ఏరుకో. కాలం కాకపోతే పెంకుల నీళ్లు కాస్త ఎక్కువ పోసి, చెంచాడు నిమ్మరసం, చిటికెడు చక్కెర వేస్తే సరి. నిమ్మరసం పొయ్యి ఆపాక వెయ్, మరిగితే చేదెక్కుతుంది. పెంకుల నీళ్లు బాగా కుదిరితే వైన్ లేని లోటు తెలిసేది తక్కువ.

మన జిల్లాల వాళ్లకు ఇంకో ఆలోచన వస్తుంది, నువ్వు అడగలేదు గానీ చెప్తాను: వైన్ బదులు కల్లు. పొద్దున్నే దించిన ఈతకల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి పులుస్తుంది, ఏ పూట ఏ రుచో చెప్పలేం. అందులోనూ ఆల్కహాల్ ఉంది కాబట్టి మామయ్య లెక్క అక్కడా మారదు. దుకాణంలో కొన్నదైతే అసలే వద్దు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం కలిపిన కల్తీ కల్లుతో మనుషులు ఆసుపత్రుల పాలైన కేసులు మన రాష్ట్రంలో కొత్తేమీ కాదు. కూరలో మరిగిస్తే అవి ఆవిరైపోతాయని అనుకోవద్దు.

కాలువ ఎండ్రకాయల గురించి. సాగర్ ఎడమ కాలువ మీ పొలాల్లోకి వస్తుంది, వానాకాలంలో గట్ల మీద ఎండ్రకాయలు పట్టడం మామూలే. వాటిని ఇట్లా ఐదు నిమిషాల్లో దించకూడదు. మంచినీటి ఎండ్రకాయల్లో ఊపిరితిత్తులకు పట్టే ఒక రకం పురుగు ఉండొచ్చు. ఈశాన్య రాష్ట్రాల్లో ఆ జబ్బు ఉంది, దగ్గితే రక్తం పడి క్షయ అనుకుని మందులు వాడేవాళ్లున్నారు. వైన్‌లో నానబెట్టినా ఆ పురుగు చావదు, బాగా ఉడికితేనే చస్తుంది. పైగా పొలంలో కొట్టిన మందులు ఎక్కడికి పోతాయి? మీ అమ్మమ్మ వండినట్టే దంచి, వడగట్టి, బాగా మరిగించి పులుసు పెట్టుకో. మూసీ నీళ్లు పారే చోట పట్టినవైతే ఆ పులుసు కూడా వద్దు. హైదరాబాద్ మురుగంతా మోసుకుని వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది అది.

సముద్రపు ఎండ్రకాయ దొరికితే వైన్‌తో బాగుంటుంది. శుభ్రం చేసి రెండు ముక్కలుగా కోసి, కొండ్లను రోకలితో ఒక్క దెబ్బ వేసి పగలగొట్టు. అల్లం సన్నగా పొడుగ్గా తరిగి, ఎల్లిగడ్డతో పాటు నూనెలో వేసి, వైన్ పోసి ముందు దాన్ని సగానికి మరిగించు. అప్పుడు ముక్కలు వేసి, సగం గ్లాసు నీళ్లు పోసి మూత పెట్టు. ఎనిమిది నుంచి పది నిమిషాలు. ఇక్కడ మూత పెట్టొచ్చు, వైన్ ఘాటు ముందే పోయింది కాబట్టి. చివర్లో మిరియాలు దంచి చల్లు. బాబుకు గానీ ఇంకెవరికైనా గానీ రొయ్య, ఎండ్రకాయ తిన్నాక పెదాలు వాయడం, దద్దుర్లు వంటివి ఎప్పుడైనా వచ్చి ఉంటే ఏ పద్ధతిలోనూ పెట్టకు. ఆ అలర్జీ ఎంత ఉడికించినా పోదు.

వీడియోల్లో ఎక్కువగా కనిపించే నల్లటి ఆల్చిప్పల వంటకం ఫ్రాన్స్, బెల్జియం తీరాలది. బతికున్న ఆల్చిప్పలను వైన్‌లో వేసి మూత పెడితే నాలుగైదు నిమిషాల్లో నోళ్లు తెరుచుకుంటాయి, తెరుచుకోనివి పారేస్తారు. మన దేశంలో కోజికోడ్, కన్నూరు తీరంలోనూ ఆల్చిప్పలు తాజాగా దొరుకుతాయి, మిర్యాలగూడకు అట్లా రావు. మన చెరువుల్లో దొరికే ఆల్చిప్పలతో చెయ్యాలని మాత్రం చూడకు. చెరువు నీటిని వడపోస్తూ బతికే జీవులవి, ఆ నీళ్లలో ఏముంటే అదే వాటి ఒంట్లో చేరుతుంది. అంతగా మనసైతే హైదరాబాద్ పోయినప్పుడు పెద్ద షాపుల్లో సగం చిప్ప మీద గడ్డకట్టించినవి అడుగు. వాటిలో చాలావరకు ముందే ఉడికించినవి ఉంటాయి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. పెనంలో రసం తయారయ్యాక వేసి, బాగా వేడెక్కగానే దించెయ్.